బిడ్డకు బంగారు వన్నె పేరు ఎంచుకోవడం ఎలా

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పరచి, బంగారు ఉంగరంతో బిడ్డ పేరు రాయించే ఆచారం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ ఉంగరపు వన్నె పేరులోనూ ఉండాలని, పసిడి, పసుపు, కుంకుమపువ్వు, తొలిపొద్దు ఎరుపు వంటి వెచ్చని రంగులను తలపించే పేరు పెట్టాలని కోరుకునే తల్లిదండ్రులకు మన భాషలో పేర్ల కొరత లేదు. కొరత ఉన్నదల్లా నమ్మదగిన అర్థాలకే. పేర్ల జాబితాలు ఒకదాన్ని చూసి మరొకటి ఎత్తి రాసుకోవడం వల్ల, చలికాలాన్ని సూచించే పేరుకు బంగారమనీ, పూజలందుకున్నది అనే అర్థమున్న పేరుకు అగ్నిజ్వాల అనీ అర్థాలు ప్రచారంలోకి వచ్చాయి. పేరు బిడ్డకు జీవితాంతం తోడుండేది కాబట్టి దాని అర్థాన్ని తల్లిదండ్రులు తామే పరీక్షించి తెలుసుకోవాలి. అందుకు పెద్ద పాండిత్యం అక్కరలేదు, కొంత ఓపిక చాలు. ఆ పని ఏ వరుసలో చేస్తే సులువవుతుందో కింద వివరిస్తున్నాను.

ముందుగా వన్నెను తేల్చుకోండి

వెచ్చని రంగు అనుకున్నప్పుడు మీ మనసులో ఉన్నది ఏ వన్నెయో భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక మాట అనుకోండి. ఒకరు నగల బంగారాన్ని, మరొకరు సూర్యోదయపు ఎరుపును తలచుకుంటూ వెతికితే జాబితా పెరుగుతుందే తప్ప పేరు తేలదు. మన పేర్లలో ఈ రంగులు స్థూలంగా నాలుగు పాయలుగా కనిపిస్తాయి. లోహంగా బంగారాన్ని చెప్పే స్వర్ణ, కనక, హేమ, కాంచన, పైడి వంటివి మొదటి పాయ. పసుపు రంగును చెప్పే పీతాంబర్, గౌరి, హరిద్ర వంటివి రెండవది. పసుపూ గోధుమవన్నె కలిసిన కపిల, పింగళ వర్ణాలు మూడవది. వీటిలో కపిల్ తప్ప మిగిలినవి ఈ రోజుల్లో తక్కువగా వినిపిస్తాయి. ఎరుపు వైపు మొగ్గే అరుణ, రోహిత్, లోహిత, పాటల, సిందూరి వంటివి నాలుగవది.

ఈ నాలుగవ పాయలో తేడాలు చాలా సున్నితమైనవి. అమరకోశమనే సంస్కృత నిఘంటువు ప్రకారం అరుణమంటే ఇంకా స్పష్టంగా తేలని ఎరుపు, పాటలమంటే తెలుపు కలిసిన ఎరుపు. సూర్యుడు కనబడక ముందే తూర్పున వచ్చే వన్నెకు అరుణమనీ, సూర్యుని రథసారథికి అరుణుడనీ పేరు రావడంలో ఎంత పొందిక ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. రోహిణి నక్షత్రం కూడా అటువంటిదే. రోహితమంటే ఎరుపు, ఆ నక్షత్రం నారింజ కలిసిన ఎరుపు కాంతితో మామూలు కంటికే కనిపిస్తుంది. ఆడపిల్లకు వెచ్చని వన్నె గల పేరు కావాలనుకుని కూడా రోహిణిని ఎవరూ జాబితాలో చేర్చకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

తేజ, దీప్తి, కిరణ్, భాను, ఆదిత్య వంటి పేర్లు వెలుగును, సూర్యుణ్ని చెప్పేవి. రంగును చెప్పేవి కావు. అవి మంచి పేర్లే, కాని మీరు వెతుకుతున్నది రంగయితే వాటిని వేరే కాగితం మీద రాసుకోండి.

తెలుగు మాటలతో మొదలుపెట్టి జాబితా రాయండి

చాలామంది నేరుగా సంస్కృత పేర్ల దగ్గరికి వెళతారు. అలా కాక ముందుగా మన మాటలను రాసుకోమని నా సలహా. బంగారం, పైడి, పసిడి, పుత్తడి, అపరంజి, కుందనం, పసిమి: వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పేరుకు విత్తనం కాగలదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి మీది భక్తితో ఉత్తరాంధ్రలో పైడితల్లి, పైడిరాజు, పైడయ్య, పైడమ్మ అనే పేర్లు తరతరాలుగా ఉన్నాయి. బంగారయ్య, బంగారమ్మ పేర్లు రెండు రాష్ట్రాల్లోనూ వినిపిస్తాయి. కొత్త తరానికి పసిడి అనే పేరు ఏ మార్పూ లేకుండా సరిపోతుంది. మూడే అక్షరాలు, పలకడం తేలిక, అర్థం ఎవరికీ వివరించనవసరం లేదు. మేలిమి బంగారాన్ని సూచించే కుందన ఇప్పటికే ఆడపిల్లల పేరుగా వాడుకలో ఉంది. లేత పసుపు మెరుపును చెప్పే పసిమిని పేరుగా పెట్టినవారు అరుదు గాని, ఆ మాటలో ఉన్న లేతదనం పసిబిడ్డకు ఎంతో చక్కగా నప్పుతుంది.

తరువాత సంస్కృతపు మాటలకు రండి. అమరకోశంలో బంగారానికి పంతొమ్మిది పేర్లు ఉన్నాయి: స్వర్ణం, సువర్ణం, కనకం, హిరణ్యం, హేమ, హాటకం, తపనీయం, శాతకుంభం, గాంగేయం, భర్మ, కర్బురం, చామీకరం, జాతరూపం, మహారజతం, కాంచనం, రుక్మం, కార్తస్వరం, జాంబూనదం, అష్టాపదం. అన్నీ పేర్లుగా పనికిరావు. కర్బురానికి చిత్రవర్ణమనే అర్థం కూడా ఉంది. అష్టాపదం వింటే పాచికల పలక గుర్తుకు వస్తుంది. శాతకుంభం, కార్తస్వరం పలకడానికే బరువు. స్వర్ణ, సువర్ణ, కనక, హేమ, కాంచన, హిరణ్య, రుక్మ అనే ఏడింటి చుట్టూనే మన పేర్లు చాలావరకు అల్లుకున్నాయి. స్వర్ణలత, హేమలత, హేమచంద్ర, కాంచనమాల, హిరణ్మయి, రుక్మిణి, కనకదుర్గ, కనకమహాలక్ష్మి ఆ కోవలోనివే. చివరి రెండు పేర్లు విజయవాడ ఇంద్రకీలాద్రి మీది అమ్మవారివి, విశాఖపట్నం బురుజుపేట అమ్మవారివి కాబట్టి, అక్కడ మొక్కుకున్న కుటుంబాల్లో ఎంపిక అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

సంగీతం మీద ప్రీతి ఉన్న ఇళ్లవారు కర్ణాటక సంగీతంలోని మూల రాగాలైన మేళకర్తల పట్టికను కూడా ఒకసారి చూడాలి. మొదటి మేళకర్త కనకాంగి, 18వది హాటకాంబరి, 58వది హేమవతి. హేమవతి పాత పేరే అయినా ఈనాటి చెవికీ హాయిగా ఉంటుంది. నదుల్లో శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి ఉంది. పూలలో సంపెంగను చెప్పే చంపక, నారింజ వన్నె కనకాంబరం ఉన్నాయి. తంగేడు, రేల, మోదుగ పూలు మన నేల మీది వెచ్చని రంగులకు నిలువెత్తు రూపాలు. వాటిలో రేల అనే రెండక్షరాల మాట ఆడపిల్ల పేరుగా ఎంతో బాగుంటుందని నా అభిప్రాయం.

ప్రతి పేరునూ మూడు ప్రశ్నలతో పరీక్షించండి

జాబితా సిద్ధమయ్యాక అసలు పని మొదలవుతుంది. ప్రతి పేరుకూ ఎదురుగా మూడు సంగతులు రాయండి: పేరులోని మూలమైన మాట ఏది, మొత్తం పేరుకు కలిపి వచ్చే అర్థమేమిటి, ఆ పేరుతో పురాణాల్లో గాని లోకంలో గాని ముందే ఎవరున్నారు. శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు వంటివి ఇప్పుడు ఉచితంగా అంతర్జాలంలో దొరుకుతున్నాయి కనుక, పేర్ల జాబితా చెప్పే అర్థంతో సరిపెట్టుకోకుండా నిఘంటువులో చూసి రాయండి.

మొదటి ప్రశ్న దగ్గరే చాలా పేర్లు రాలిపోతాయి. హేమంత్ అందుకు మొదటి ఉదాహరణ. హేమ అని మొదలవుతుంది కాబట్టి బంగారమని రాసేస్తుంటారు; హేమంతం మార్గశిర పుష్య మాసాల చలి ఋతువు, దానికి బంగారంతో సంబంధం లేదు. బంగారం కోసం వెతికే మగపిల్లవాడి తల్లిదండ్రులకు హేమచంద్ర, హేమాద్రి సరైనవి. హేమాద్రి అంటే బంగారు కొండ, అనగా మేరువు. హిమజ, హిమబిందు మంచుకు సంబంధించినవి. పలికేటప్పుడు హేమకు దగ్గరగా వినిపించినా అర్థంలో చాలా దూరం. అర్చిత అంటే పూజింపబడినది. మంటను చెప్పే మాట అర్చిస్సు. కేసరి అంటే జూలు గలది, సింహం. టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ఆంధ్రకేసరి అని పిలుచుకున్నది ఆ సింహపరాక్రమాన్ని చూసే. కేసరమనే మాట కుంకుమపువ్వుకూ ఉంది కాబట్టి కొందరు కేసరిని కాషాయపు వన్నె పేరుగా భావిస్తారు గాని, పేరు వినగానే మనకు తోచేది సింహమే.

గౌరి విషయంలో ఇంకొంచెం నిదానంగా ఆలోచించాలి. గౌర శబ్దానికి ఎరుపు, తెలుపు, పసుపు అనే మూడు అర్థాలనూ అమరకోశం ఇస్తుంది. మన ఆచారంలో మాత్రం ఆమె పసుపుతో విడదీయరాని దేవత. పెళ్లిలో పసుపు ముద్దను గౌరిగా నిలిపి పూజిస్తారు. తెలంగాణలో బతుకమ్మ మీద పసుపు గౌరమ్మను నిలుపుతారు. అందువల్ల నిఘంటువు మూడు రంగులు చెప్పినా, తెలుగు ఇంట్లో గౌరి అనే పేరు పసుపు వన్నెదే అని ధైర్యంగా చెప్పవచ్చు. ఇటువంటి చోట పుస్తకం ఒక్కటే చాలదు, ఆచారాన్ని కూడా చూడాలి.

రెండవ ప్రశ్న సమాసపు పేర్లకు సంబంధించినది. స్వర్ణలత బంగారు తీగ, కాంచనమాల బంగారు హారం, పీతాంబర్ పసుపుపచ్చని వస్త్రం ధరించినవాడు, రుక్మాంగదుడు బంగారు భుజకీర్తులు గలవాడు. కనకాంగి, హేమాంగి అంటే బంగారు మేని రంగు గలది. ఈ చివరి రకం పేర్ల గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. బిడ్డ చామనచాయలో పుట్టిందని బంగారు పేరు వద్దనడం, తెల్లగా ఉందని కావాలనడం రెండూ సరికావు. పేరు బిడ్డ విలువను చెప్పాలి, చర్మాన్ని కొలవకూడదు. పీతాంబరధారి అయిన కృష్ణుడు నీలమేఘశ్యాముడే కదా. అయినా బంధువుల మాటలు బిడ్డను నొప్పిస్తాయేమోనన్న శంక మీకు ఉంటే, మేనికి కాక తీగకో హారానికో కొండకో బంగారాన్ని చెప్పే పేరు తీసుకోండి. ఎవరికీ మాట అనే అవకాశం ఉండదు.

మూడవ ప్రశ్న: పేరు వినగానే ఎవరు గుర్తుకు వస్తారు. హిరణ్య అనగానే తెలుగువారికి హిరణ్యకశిపుడు, హిరణ్యాక్షుడు తోస్తారు. మాట నిర్దోషమైనదే అయినా ఆ నీడ దాని మీద ఉంది. హిరణ్మయి అన్నప్పుడు ఆ నీడ పడదు. పైగా శ్రీసూక్తం లక్ష్మీదేవిని హిరణ్యవర్ణగా, హిరణ్మయిగా స్తుతించింది. గాంగేయం బంగారమే అయినా గాంగేయ అన్న పేరు వింటే అందరికీ భీష్ముడే గుర్తుకు వస్తాడు. రుక్మి కృష్ణుణ్ని ఎదిరించిన బావమరిది. అతని చెల్లెలు రుక్మిణి పేరు మాత్రం తరతరాలుగా ఆదరం పొందింది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు పేర్లలో ఒకటి ఇంట్లోకి వచ్చి మరొకటి బయటే ఉండిపోవడానికి కథే కారణం.

పెద్దల పేరు ఉంటే అర్థాన్ని నిలిపి రూపాన్ని మార్చండి

నాయనమ్మ పేరు కనకమ్మ, తాతగారి పేరు బంగారయ్య అయిన ఇళ్లలో ఆ పేరే పెట్టాలని పెద్దలు, కొత్త పేరు కావాలని పిల్ల తల్లిదండ్రులు పట్టుబట్టడం మామూలే. బంగారపు పేర్లలో ఈ చిక్కు విడిపోయే దారి ఉంది. కనకమ్మ మనుమరాలికి కనక, కాంచన, స్వర్ణ, హిరణ్మయి, పసిడి అనే వాటిలో ఏది పెట్టినా నాయనమ్మ పేరు పెట్టినట్టే. పైడమ్మ మనుమరాలు పసిడి కావచ్చు, బంగారయ్య మనుమడు హేమచంద్ర కావచ్చు. అయితే ఈ సంగతిని పెద్దలకు నామకరణానికి ముందే చెప్పండి. “అత్తయ్యా, మీ పేరునే ఇంకో మాటలో పెడుతున్నాం” అని కోడలు ముందుగా చెప్పిన ఇంట్లో అది గౌరవంగా నిలుస్తుంది. వేడుక నాడు పళ్లెం ముందు చెబితే సర్దుబాటు మాటలా వినిపిస్తుంది.

కనకమ్మ పాత పేరని తీసిపారేయనవసరం కూడా లేదు. నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించి, స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసిన పొణకా కనకమ్మ గారి పేరు అదే. ఆ పేరును యథాతథంగా పెట్టుకోవాలనుకునేవారికి అంతకంటే మంచి కారణం అవసరం లేదు.

నక్షత్రపు అక్షరం పాటించేవారికి

ఈ పట్టింపు లేనివారు ఈ భాగాన్ని దాటవేయవచ్చు. ఉన్నవారికి బంగారు వన్నె పేర్లు చాలా నక్షత్రాలకు దొరుకుతాయి. కృత్తిక మొదటి పాదానికి అరుణ, అరుణ్. మృగశిర మూడవ పాదానికి కాంచన, కనక. పునర్వసు నాలుగవ పాదానికి హిరణ్మయి. పుష్యమి రెండవ పాదానికి హేమలత, హేమవతి, హేమచంద్ర. ఉత్తర మూడవ పాదానికి పసిడి, పాటల. నాలుగవ పాదానికి పీతాంబర్. స్వాతి మొదటి పాదానికి రుక్మిణి, మూడవ పాదానికి రోహిణి, రోహిత్. శతభిషం మొదటి పాదానికి గౌరి, రెండవ పాదానికి స్వర్ణ, నాలుగవ పాదానికి సువర్ణ. భరణి నాలుగవ పాదానికి లోహిత, రేవతి మూడవ పాదానికి చంపక. హ్రస్వ దీర్ఘాల తేడాను చాలామంది పురోహితులు పట్టించుకోరు, కొందరు పట్టించుకుంటారు. మీ ఇంటి పురోహితుణ్ని ముందుగా అడిగి తెలుసుకోండి. అక్షరం కుదరకపోతే జన్మనామాన్ని బియ్యంలో రాయించి, పిలిచే పేరును మీకు నచ్చినట్టు పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే.

అమెరికా వంటి చోట్ల ఉన్న తెలుగువారికి ఇక్కడొక ఇబ్బంది ఉంటుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే లోపే జనన పత్రానికి పేరు అడుగుతారు కాబట్టి, నక్షత్రం తెలిశాక తీరికగా వెతికే వ్యవధి ఉండదు. కాన్పుకు ముందే వేర్వేరు అక్షరాలతో పది పన్నెండు పేర్లను పరీక్షించి సిద్ధంగా ఉంచుకుంటే, నక్షత్రం తెలిసిన గంటలోనే పేరు తేలుతుంది.

ఇంటిపేరుతో కలిపి, పైకి పలికి చూడండి

మిగిలిన నాలుగైదు పేర్లను ఇంటిపేరుతో కలిపి గట్టిగా చదవండి. కనకమేడల, పైడిపాటి, పసుపులేటి, స్వర్ణ వంటి ఇంటిపేర్లలో బంగారమో పసుపో ముందే ఉంది. అటువంటి ఇంట్లో కనక, పైడిరాజు అనే పేర్లు రెండుసార్లు అన్నట్టు వినిపిస్తాయి. వారు అరుణ, రోహిణి, చంపక వైపు చూడడం మంచిది. తరువాత ఆ పేరును పిలుపుగా పలకండి: దూరం నుంచి కేక వేసినట్టు ఒకసారి, లాలించినట్టు ఒకసారి. హిరణ్మయి రాతలో అందంగా ఉన్నా రోజువారీ పిలుపులో తప్పకుండా చిన్నదవుతుంది; ఏమని చిన్నది చేయాలో మీరే నిర్ణయించకపోతే చుట్టుపక్కలవారు నిర్ణయిస్తారు. అక్కకు హేమ అని ఉంటే చెల్లికి హిమ అని పెట్టవద్దు, బడిలోనూ ఇంట్లోనూ తికమక తప్పదు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. స్వర్ణలో ఎస్ తరువాత డబ్ల్యూ పెడతారా, వీ పెడతారా. కాంచనలో దీర్ఘానికి రెండు ఏలు రాస్తారా, ఒకటే రాస్తారా. మగపిల్లవాడికి అరుణ్ అని రాసేటప్పుడు చివర ఏ రాకుండా చూస్తారా అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని, ఒక్కో పత్రంలో ఒక్కో రకంగా పడితే తరువాత సరిదిద్దుకోవడం శ్రమ. విదేశాల్లో పెరిగే బిడ్డకయితే హేమను హీమా అని చదివే అవకాశం ఉంది. కాంచన, అరుణ, రోహిత్ అంతగా చెడవు.

పేరును నమోదు చేయించండి

మన దేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లోగా తెలియజేయాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలను ఆసుపత్రివారే పంపుతారు. ఆ సమయానికి పేరు ఖాయం కాకపోయినా నమోదు ఆగదు. పేరు లేకుండానే నమోదు చేయించి, తరువాత పురపాలక సంఘంలో గాని గ్రామ పంచాయతీలో గాని పేరు చేర్పించవచ్చు. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోగా అయితే రుసుము లేదు; ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుము చెల్లించి చేర్పించుకోవచ్చు. కాబట్టి 21 రోజుల గడువు చూసి తొందరపడి సగం నచ్చిన పేరును రాయించవద్దు. అలాగని ఏళ్లు గడపనూ వద్దు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలుకొని పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం.

దరఖాస్తులో తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, ఇంటిపేరు పూర్తిగా రాయండి. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో వదిలేస్తే తరువాత పాస్‌పోర్టు సమయంలో ఇబ్బంది పడవలసి వస్తుంది. ధ్రువపత్రం చేతికి రాగానే స్వర్ణలో వట్రుసుడి చేరిందేమో, హిరణ్మయిలో మకారపు వత్తు పడిందో లేదో, గౌరిలో ఔత్వం నిలిచిందో లేదో అక్కడే నిలబడి అక్షరం అక్షరం చూసుకుని, తప్పుంటే ఆ రోజే దిద్దించమని అడగండి.